వింటర్ ట్రెక్‌కు వెళ్తున్నారా? పెద్ద జాకెట్ కొనేముందు ఇది చదవండి.. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ నుంచి కేదార్‌కంఠ మంచు దాకా!

డిసెంబర్ వచ్చిందంటే చాలు.. ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట హాస్టళ్లలో ఒక ప్లాన్ తిరుగుతూ ఉంటుంది. కోర్సు అయిపోయింది, జాబ్ వచ్చింది, లేదా రాలేదు. ఏదైనా సరే, క్రిస్మస్ సెలవులకో సంక్రాంతికి ముందో ఒక్కసారి మంచు చూసి రావాలి. ఫోన్‌లో రీల్స్ చూస్తారు. తెల్లటి కొండ, దాని మీద సూర్యోదయం, ఎర్ర జాకెట్ వేసుకుని చేతులు చాపిన కుర్రాడు. వాట్సాప్‌లో గ్రూప్ పెట్టేస్తారు. మరుసటి ఆదివారం షాపింగ్. అందరూ మొదట కొనేది ఒక్కటే, దుకాణంలో అన్నిటికంటే లావుగా కనిపించే జాకెట్.

తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే. మంచులో నడిచేవాణ్ని చలి నుంచి కాపాడేది లావు జాకెట్ కాదు, పొడిగా ఉన్న ఒళ్లు. చెమటకు లోపలి బనియన్ తడిసిపోతే, పైన ఎంత ఖరీదైన జాకెట్ ఉన్నా వణుకు తప్పదు. మన ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు ఇది అనుభవంలో ఉండదు. హైదరాబాద్‌లో ఉష్ణోగ్రత 11 డిగ్రీలకు పడితే మేమే బ్రేకింగ్ వేస్తాం. బైక్ మీద వెళ్లేవాళ్లు మఫ్లర్ చుట్టుకుంటారు. మనకు తెలిసిన చలి అంతే.

మరి అక్కడ ఎంత చలి ఉంటుంది? చిన్న లెక్క చూద్దాం. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. మొదటిసారి వింటర్ ట్రెక్‌కు వెళ్లేవాళ్లలో ఎక్కువ మంది ఎంచుకునే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం 12,500 అడుగులు, అంటే దాదాపు 3,810 మీటర్లు. ఒక్క ఎత్తు తేడాతోనే 20 డిగ్రీలకు పైగా తగ్గిపోతుంది. పైగా అది ఉత్తరాది, గాలి వేరు. డిసెంబర్, జనవరి రాత్రుల్లో పై క్యాంపుల్లో మైనస్ 5 నుంచి మైనస్ 10 దాకా పడటం మామూలే. గాలి వీస్తే ఒంటికి తగిలే చలి అంతకన్నా ఎక్కువ.

భయపడాల్సిన పని లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమె వయసు 13 ఏళ్ల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఇద్దరూ మంచు తెలియని ఊళ్ల పిల్లలే. కాకపోతే వాళ్లను నేరుగా తీసుకెళ్లి మంచులో నిలబెట్టలేదు. మొదట భువనగిరి రాతికొండ మీద క్లైంబింగ్ నేర్పారు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ. ఆ తర్వాత గడ్డకట్టే చలికాలంలో లద్దాఖ్ తీసుకెళ్లి ఆ చలిని అలవాటు చేశారు. ఎవరెస్ట్ ఆ తర్వాతే. మనం వెళ్లేది నాలుగైదు రోజుల ట్రెక్ కాబట్టి అంత అక్కర్లేదు గానీ, ఆ వరస మాత్రం మనకూ పనికొస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. ఒంటి మీద ఏం ఉండాలి?

ఉల్లిపాయ పొరల్లా..

మంచులో నడక మొదలుపెట్టిన పది నిమిషాల్లోనే ఒళ్లు వేడెక్కుతుంది. అరగంటలో చెమట పడుతుంది. ఆగి ఫొటో తీసుకునే సరికి చలి పట్టుకుంటుంది. మళ్లీ నడిస్తే వేడి. రోజంతా ఇదే ఆట. ఒకే ఒక్క లావు జాకెట్ ఉంటే రెండే దారులు: వేసుకుని చెమటలో తడవడం, తీసేసి వణకడం. అందుకే ఉల్లిపాయలా పొరలు పొరలుగా వేసుకోమంటారు. వేడెక్కితే ఒకటి తీస్తాం, ఆగితే ఒకటి వేస్తాం.

చర్మానికి తగిలే మొదటి పొర పని చెమటను లాగి బయటకు పంపడం. ఇక్కడ కాటన్ అస్సలు వద్దు. మే నెలలో మనకు ప్రాణం పోసే కాటన్ బనియన్, మంచులో శత్రువు. అది చెమటను పీల్చుకుని ఆరకుండా ఒంటికి అతుక్కుని ఉంటుంది. నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. తడి బనియన్ అంటే ఒంటికి నీళ్లు చుట్టుకున్నట్టే. బజార్లో 'థర్మల్స్' అని అమ్మే వాటిలో కూడా చాలావరకు కాటన్ కలుస్తుంది. రాత్రి టెంట్‌లో పడుకోవడానికి అవి బాగానే ఉంటాయి, నడకకు మాత్రం కాదు. కాలర్ దగ్గర లేబుల్ చదవండి. పాలిస్టర్ గానీ మెరినో ఉన్ని గానీ ఉంటే తీసుకోండి. చేతిలో డబ్బులు తక్కువా? క్రికెట్, ఫుట్‌బాల్ ఆడేటప్పుడు వేసుకునే పాలిస్టర్ జెర్సీ మీ దగ్గర ఉండే ఉంటుంది. ఫుల్ హ్యాండ్స్‌ది అయితే ఇంకా మంచిది. మొదటి పొర కింద అదే పనిచేస్తుంది, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

రెండో పొర ఫ్లీస్. మెత్తగా, దుప్పటి గుడ్డలా ఉండే జాకెట్. వేడిని పట్టి ఉంచుతుంది, త్వరగా ఆరిపోతుంది, బరువు ఉండదు. అమ్మ అల్లిన ఉన్ని స్వెట్టర్ ఉంటే అదీ పనికొస్తుంది, కాస్త తడిసినా ఉన్ని వెచ్చదనం ఇస్తుంది. బరువు ఎక్కువ, అంతే.

మూడోది అసలైన చలి జాకెట్. లోపల బాతు ఈకలు నింపిన డౌన్ జాకెట్లు ఒక రకం, సింథటిక్ పీచు నింపినవి మరో రకం. డౌన్ తేలిక, బ్యాగ్‌లో మడిస్తే గుప్పెడంత అవుతుంది, వెచ్చదనంలో దానికి సాటి లేదు. కానీ తడిస్తే ఈకలు ముద్దకట్టి పనికిరాకుండా పోతాయి. సింథటిక్ కొంచెం బరువు, తడిసినా పూర్తిగా చేతులెత్తేయదు. మొదటిసారి వెళ్లేవాళ్లకు మేం చెప్పేది సింథటిక్ అనే. ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. ఈ జాకెట్ నడవడానికి కాదు, ఆగినప్పుడు వేసుకోవడానికి. నడుస్తున్నప్పుడు అది బ్యాగ్‌లో, చేతికి అందే చోట ఉండాలి.

అన్నిటికంటే పైన గాలి, మంచు ఆపే పల్చటి షెల్ జాకెట్. కింద ప్యాంట్ విషయంలోనూ ఇదే సూత్రం. జీన్స్ వేసుకుని వెళ్లకండి. తడిసిన జీన్స్ బరువెక్కి, బిగుసుకుపోయి, సాయంత్రానికి అట్టముక్కలా అవుతుంది.

అనుభవం ఉన్న గైడ్లు ఒక మాట చెబుతారు. క్యాంప్ నుంచి కదిలేటప్పుడు కాస్త చలి వేస్తూ ఉండాలి. బయలుదేరేటప్పుడే వెచ్చగా ఉంటే, పావుగంటకు చెమట ఖాయం.

డబ్బు పెట్టాల్సింది ఎక్కడ?

హాస్టల్ ఫీజు కట్టి, మెస్ బిల్లు కట్టి మిగిలిన దాంట్లోంచి ఇవన్నీ కొనాలంటే కష్టమే. సూటిగా చెప్పాలంటే, ఒక్క వస్తువే కొనగలిగితే బూట్లు కొనండి. మిగతావి అద్దెకు తెచ్చుకోవచ్చు, అడిగి తీసుకోవచ్చు. బూట్లు మాత్రం మీ కాలికి మీవే అయి ఉండాలి.

చీలమండ పైదాకా వచ్చే, నీళ్లు లోపలికి రానివ్వని, అడుగున లోతైన గాళ్లు ఉన్న ట్రెక్కింగ్ బూట్లు కావాలి. జిమ్‌కు వేసుకునే రన్నింగ్ షూస్ మెష్ గుడ్డతో చేస్తారు, మంచు కరిగి పది నిమిషాల్లో సాక్సులు తడుస్తాయి. కొనడానికి సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ట్రెక్‌లో వేసుకునే మందపాటి సాక్సులు తొడుక్కునే ట్రయల్ వేయండి. ముందు భాగంలో వేళ్లు కదలాలి. లేదంటే దిగేటప్పుడు బొటనవేలి గోరు బూటుకు కొట్టుకుని నల్లబడుతుంది. ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే పాదాలకు ఎక్కువ బాధ, ఇది వెళ్లొచ్చిన వాళ్లెవర్ని అడిగినా చెబుతారు.

కొన్న బూట్లు అట్టపెట్టెలో దాచుకోకండి. కనీసం రెండు మూడు వారాలు వేసుకుని తిరగండి. ఎస్.ఆర్. నగర్ నుంచి బల్కంపేట ఎల్లమ్మ గుడి దాకా, అటునుంచి అమీర్‌పేట మీదుగా పంజాగుట్ట దాకా. ఎవరైనా చూసి నవ్వితే నవ్వనివ్వండి. బొబ్బలు వస్తే ఇక్కడ మందుల షాపు పక్కనే ఉంటుంది, అక్కడ ఉండదు. ఏళ్ల తరబడి అటక మీద పడి ఉన్న పాత బూట్లతో జాగ్రత్త. పైకి బాగానే ఉంటాయి, అడుగు జిగురు ఎండిపోయి ఉంటుంది. మంచులో నడుస్తుండగా సోల్ ఊడిపోవడం కొత్త సంగతేం కాదు.

సాక్సుల గురించి ఒక తప్పు అభిప్రాయం ఉంది, మూడు జతలు వేసుకుంటే వెచ్చగా ఉంటుందని. నిజానికి బూటు బిగుతై రక్తం సరిగ్గా ఆడదు, కాలివేళ్లు ఇంకా చల్లబడతాయి. ఒక మంచి ఉన్ని జత చాలు, కావాలంటే లోపల పల్చటిది ఇంకోటి. ఒక పొడి జతను మాత్రం పాలిథిన్ కవర్‌లో చుట్టి, కేవలం నిద్రకోసం దాచుకోండి. ఎంత తొందరలో ఉన్నా ఆ జతతో నడవొద్దు.

బూట్ల మీద తొడిగే మైక్రోస్పైక్స్, అంటే రబ్బరు పట్టీకి గొలుసులు, ఇనుప ముళ్లు ఉండే సరంజామా, గట్టిపడిన మంచు మీద జారకుండా ఆపుతుంది. మంచు బూట్లలోకి పోకుండా మోకాలి కింద కట్టుకునేవి గెయిటర్లు. ఈ రెండూ కొనక్కర్లేదు. చాలామంది ట్రెక్ నిర్వాహకులు వాళ్లే ఇస్తారు. డబ్బు కట్టేముందే అడిగి తెలుసుకోండి. టెంట్, స్లీపింగ్ బ్యాగ్ కూడా అంతే. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. 'కంఫర్ట్' అని ఉన్న అంకె చూడండి. 'ఎక్స్‌ట్రీమ్' అన్నది ప్రాణం నిలబడే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు.

బ్యాగ్ విషయం. కాలేజీ బ్యాగ్ వద్దు. నడుముకు బెల్ట్ ఉన్న 40, 50 లీటర్ల రక్‌సాక్ అద్దెకైనా తీసుకోండి. ఆ బెల్ట్ బిగిస్తే బరువు భుజాల మీద నుంచి తుంటి మీదకు దిగుతుంది. ఒక్క పూట నడిస్తే తేడా తెలిసిపోతుంది.

చేతులకు రెండు జతలు. లోపల పల్చటి గ్లవ్స్, పైన నీళ్లు ఆపే మందపాటివి. జిప్ తీయాలన్నా ఫొటో తీయాలన్నా పైది మాత్రమే తీస్తారు. తలకు? మన ఇళ్లల్లో తాతయ్యలు పెట్టుకుంటే నవ్వుకునే మంకీ క్యాప్ ఉంది చూశారూ, దాన్ని మించింది లేదు. చెవులు, గడ్డం, మెడ అన్నీ కప్పేస్తుంది. ఫొటోలో బాగుండదంటారా, ఫొటో తీసే ఆ ఒక్క నిమిషం తీసేయండి. చలికాలంలో నగరంలో టిబెటన్లు పెట్టే ఉన్ని బట్టల దుకాణాల్లో టోపీలు, గ్లవ్స్ తక్కువ ధరకే దొరుకుతాయి.

నల్ల కళ్లద్దాలు స్టైల్ కోసం కాదు. కొత్తగా పడ్డ మంచు, ఎండలోని అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఎండ పైనుంచీ, కిందనుంచీ కొడుతుందన్నమాట. కళ్లద్దాలు లేకుండా ఒక్కరోజు మంచులో గడిపితే సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టు మండి, నీళ్లు కారతాయి. యూవీ 400 అని రాసి ఉన్నవే తీసుకోండి. సన్‌స్క్రీన్ ముక్కు కింద, గడ్డం కింద కూడా రాయాలి.

ఫోన్ ఎందుకు ఆగిపోతుంది?

ఇది చదువుతున్నది ఫోన్‌లోనే కదా, కాబట్టి ఇది కూడా. తెల్లవారుజామున మూడు గంటలకు హెడ్‌లైట్లు పెట్టుకుని శిఖరం వైపు బయలుదేరతారు. సూర్యోదయానికి పైకి చేరతారు. ఫోన్ తీస్తే 40 శాతం ఉన్న ఛార్జ్ ఒక్కసారిగా సున్నా. బ్యాటరీ పాడవ్వలేదు. లిథియం బ్యాటరీలో రసాయన చర్య చలికి నెమ్మదిస్తుంది, కావాల్సినంత కరెంట్ ఇవ్వలేక ఫోన్ ఆఫ్ అవుతుంది. వెచ్చబడితే చాలావరకు ఛార్జ్ తిరిగి కనిపిస్తుంది. ఫోన్‌ను బయటి జేబులో కాకుండా ఫ్లీస్ లోపల, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. రాత్రి పూట ఫోన్, పవర్ బ్యాంక్, హెడ్‌టార్చ్ బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగ్‌లో మీతో పాటే పడుకోవాలి. ఫ్లైట్ మోడ్‌లో పెడితే ఇంకా మంచిది, సిగ్నల్ లేని చోట దాన్ని వెతుక్కుంటూనే ఫోన్ సగం ఖాళీ అవుతుంది.

నీళ్ల సీసాకూ ఒక చిట్కా ఉంది. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి సీసాను తలకిందులుగా పెట్టండి, మూత దగ్గర గడ్డకట్టదు. చలిలో దాహం తెలియదు, అయినా రోజుకు మూడు లీటర్లకు తగ్గకుండా తాగాలి. తిండికి మన ఇంటి సరుకే మేలు. పల్లీ పట్టీలు, ఖర్జూరాలు, నేతి సున్నుండలు. చాక్లెట్ బార్లు చలికి రాయిలా అవుతాయి, సున్నుండ కాస్త నయం. ఎత్తుకు పోతే ఆకలి చచ్చిపోతుంది, అప్పుడు క్యాంప్‌లో పెట్టే రాజ్మా అన్నంలో కాస్త ఆవకాయ పడితే ముద్ద దిగుతుంది.

ఏది ప్రమాదం, ఏది కాదు

వణుకు ప్రమాదం కాదు. ఒళ్లు తనను తాను వేడి చేసుకుంటోందని అర్థం. వణుకుతున్న మనిషి మాట తడబడుతున్నా, నడక తూలుతున్నా, గ్లవ్స్ జారిపోయినా పట్టించుకోకపోయినా అది ప్రమాదం. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథర్మియా అంటారు. ముదిరితే వణుకు ఆగిపోతుంది, చూసేవాళ్లు కుదుటపడ్డాడని పొరబడతారు. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసి పొడివి వేసి, స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టాలి. స్పృహలో ఉంటే గోరువెచ్చటి తీపి పానీయం తాగించాలి. మొద్దుబారిన వేళ్లను మంచుతోనో చేత్తోనో గట్టిగా రుద్దకూడదు. 'ఒక పెగ్గు వేస్తే వెచ్చబడతాం' అనేది పూర్తిగా తప్పు. మందు తాగితే చర్మం దగ్గరి రక్తనాళాలు వెడల్పై వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటకు పోతుంది.

రెండోది ఎత్తు వల్ల వచ్చే జబ్బు. రెండున్నర వేల మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలైతే దాచిపెట్టకుండా గైడ్‌కు చెప్పాలి. లక్షణాలు ఉండగా ఇంకా పైకి పోకూడదు, పెరుగుతుంటే కిందికి దిగడమే మందు. డయామాక్స్ మాత్రలు స్నేహితుడు ఇచ్చాడని వేసుకోకండి. సల్ఫా మందులు పడనివాళ్లకు అవి ఇబ్బంది కావచ్చు, ముందే ఇక్కడి డాక్టర్‌ను అడగండి.

ఇదంతా చలికాలం సంగతే అనుకోవద్దు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ ట్రెక్‌లో వాతావరణం ఒక్కసారిగా మారిపోయి, కర్ణాటక నుంచి వెళ్లిన బృందంలో 9 మంది చనిపోయారు. నడి వేసవిలో. మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు ఎక్కిన వ్యక్తి. అంతటి అనుభవజ్ఞుడు కూడా 2015లో ఆండీస్ పర్వతాల్లో వాతావరణం బాగాలేని సమయంలో తప్పిపోయి ప్రాణాలు కోల్పోయాడు. గైడ్ 'ఈ రోజు వద్దు, తిరిగి పోదాం' అంటే వాదించకండి.

ఇక్కడే ప్రాక్టీస్

చాలామంది నిర్వాహకులు ఐదు కిలోమీటర్లు 40 నిమిషాల్లోపు పరుగెత్తగలగాలని అడుగుతారు. నెల ముందు నుంచి మొదలుపెట్టండి. కేబీఆర్ పార్క్ చుట్టూ పొద్దున్నే నడక, పరుగు. హాస్టల్ ఐదో అంతస్తులో ఉందా, అదృష్టం. నాలుగు నీళ్ల సీసాలు బ్యాగ్‌లో పెట్టుకుని మెట్లు ఎక్కి దిగండి. ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ వదిలేసి మెట్ల దారి పట్టండి. ఒక ఆదివారం భువనగిరి కోట, ఇంకో ఆదివారం వికారాబాద్ అనంతగిరి గుట్టలు, నిండు బ్యాగ్‌తో, కొత్త బూట్లతో. వీలైతే జనవరికి ముందే నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లి ఒక రాత్రి గడపండి. అక్కడ పొగమంచులో తెల్లవారుజామున గంటసేపు నడిస్తే మీ గ్లవ్స్ పనిచేస్తాయో లేదో, ఏ పొర ఎక్కువైందో తెలిసిపోతుంది. అక్కడ తప్పు తెలిస్తే వేడి టీ తాగి సర్దుకోవచ్చు.

ప్రయాణం విషయానికొస్తే, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్. డెహ్రాడూన్ నుంచి కేదార్‌కంఠ మొదలయ్యే సాంక్రీ గ్రామం దాదాపు 200 కిలోమీటర్లు, కొండదారిలో ఒక పగలంతా పడుతుంది. డెహ్రాడూన్‌లో దిగగానే అదే రోజు బండెక్కేలా కాకుండా, కుదిరితే ఒక పూట ఆగండి. క్రిస్మస్, న్యూ ఇయర్ వారంలో దారి అంతా జనమే ఉంటారు. కాస్త ప్రశాంతంగా మంచు చూడాలంటే జనవరి మూడో వారం తర్వాత మేలు. బాగా మంచు పడితే దారి మూసేయొచ్చు కాబట్టి తిరుగు టికెట్‌కు ముందు ఒక రోజు ఖాళీ పెట్టుకోండి.

తిరిగొచ్చాక బూట్లలో పాత న్యూస్ పేపర్ ఉండలు కుక్కి నీడన ఆరబెట్టండి, ఎండలో పెడితే జిగురు వదులుతుంది. జాకెట్‌ను కవర్‌లో అదిమి దాచకుండా హ్యాంగర్‌కు వేలాడదీయండి. ఎలాగూ వచ్చే డిసెంబర్‌లో పక్క రూమ్ వాళ్లు అడగడానికి వస్తారు. జాకెట్ ఇవ్వొచ్చు, రక్‌సాక్ ఇవ్వొచ్చు. బూట్లు మాత్రం ఇవ్వకండి, అవి అప్పటికే మీ పాదం ఆకారానికి వచ్చేసి ఉంటాయి.